సంతకం పెట్టే ముందు: హెచ్‌పీవీ టీకా గురించి తల్లిదండ్రులతో కాసేపు



ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి మా ఎయిత్ క్లాస్ అమ్మాయి వాళ్లమ్మగారి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "మేడమ్, ఆడపిల్లలకి క్యాన్సర్ రాకుండా ఏదో టీకా ఉందంటున్నారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరేమో వెంటనే వేయించమంటున్నారు, ఇంకొకరేమో అస్సలు వద్దంటున్నారు. మీ పాపే అయితే మీరు వేయిస్తారా?"

నాకింకా పెళ్లి కాలేదు. "డాక్టర్‌గారిని అడగండి అమ్మా" అని టైప్ చేసి పంపేశాను. అది తప్పు సమాధానం కాదు. కానీ ఆవిడ నా అభిప్రాయం అడిగారు, నేను తప్పించుకున్నాను. ఆ తర్వాత కొన్ని వారాలు దీని గురించి చదివాను. నేను ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని, డాక్టర్‌ని కాదు. మీ పాపకి ఏ మందు సరిపోతుందో చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఈ టీకా వెనక ఉన్న విషయం ఏమిటి, దాని మీద మన దగ్గరే ఇంత వాదన ఎందుకు జరిగింది, సంతకం పెట్టే ముందు ఏం అడగాలి అన్నది మాత్రం చెప్పగలను.

అసలు ఏమిటీ జబ్బు?

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో వందకు పైగా రకాలున్నాయి. చాలా రకాలు ఏ హానీ చేయవు. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఎక్కువ మందికి ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. సోకినట్టు కూడా తెలియదు.

కొందరిలో మాత్రం వైరస్ పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ముఖ్యంగా 16, 18 అనే రెండు రకాలు అలా ఉండిపోతే గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు నెమ్మదిగా మారిపోతాయి. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ప్రపంచంలో వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. ఈ వైరస్‌కీ ఆ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది మహిళలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. అంటే రోజుకి రెండు వందల మందికి పైగా.

వారిలాంటి ఒకరు మా ఇంట్లోనూ ఉన్నారు. మా పెద్దమ్మకి నెలసరి ఆగిపోయాక కూడా మధ్యమధ్యలో రక్తం కనపడేదట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి జబ్బు ముదిరిపోయింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. "కడుపులో గడ్డ" అనే అన్నారు. దీని గురించి చదవడం మొదలుపెట్టాకే ఆ గడ్డ ఏమిటో నాకు అర్థమైంది.

టీకా ఎలా పనిచేస్తుంది?

వేరుశెనగ కాయ ఉంటుంది కదా. లోపల పప్పు తీసేసి పై పెంకుని మళ్లీ మూసేస్తే చూడ్డానికి కాయలాగే ఉంటుంది, కానీ నాటితే మొలవదు. ఈ టీకా కూడా అలాంటిదే. వైరస్ పై పొరలోని ప్రోటీన్‌ని మాత్రమే తయారుచేసి టీకాలో ఇస్తారు. లోపల వైరస్ జన్యుపదార్థం ఉండదు. కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు వచ్చే అవకాశం లేదు. శరీరం ఆ పెంకుని చూసి గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలు వైరస్ వస్తే అడ్డుకుంటుంది.

ఇప్పటికే సోకిన వైరస్‌ని ఈ టీకా తొలగించలేదు. అందుకే ముందుగా, అంటే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయమంటారు. ఆ వయసులో శరీరం టీకాకి బాగా స్పందిస్తుంది కూడా.

ఫలితం ఉందా అంటే, ఉంది. ఇంగ్లండ్‌లో 2008 నుంచి స్కూళ్లలోనే ఈ టీకా వేస్తున్నారు. 12, 13 ఏళ్ల వయసులో టీకా అందిన తరానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ కనపడలేదని 2024లో తేలింది.

మరి ఇంత మంచి టీకా మీద గొడవ ఎందుకు? దానికి మనం ఖమ్మం వెళ్లాలి.

ఖమ్మంలో ఏం జరిగింది?

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక కార్యక్రమం మొదలైంది. పాథ్ అనే అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి కార్యక్రమమే జరిగింది. ఖమ్మంలో టీకా వేసుకున్నవాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు.

కొన్ని నెలల్లో రెండు చోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్త వచ్చింది. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణ జరిగింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి వేర్వేరు కారణాలు బయటపడ్డాయి. ఆ మరణాలకి టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ కమిటీ అభిప్రాయపడింది.

కానీ అదే విచారణలో ఇంకో విషయం బయటికొచ్చింది. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద తల్లిదండ్రుల సంతకం లేదు. హాస్టల్ వార్డెన్లు పెట్టారు. మరో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో, వద్దనొచ్చో లేదో ఆ తల్లిదండ్రులకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. టీకా తర్వాత పిల్లలకి ఏమైనా అయితే గమనించే ఏర్పాటు కూడా సరిగా లేదు.

ఇది చదివినప్పుడు నాకు మా క్లాస్ గుర్తొచ్చింది. ఒకసారి ఏదో హెల్త్ చెకప్ కోసం పిల్లలకి ఫారాలు ఇచ్చి, "రేపటికల్లా సంతకాలు తెచ్చేయాలి, లేటైతే ఊరుకోను" అన్నాను. మర్నాడు అన్నీ వచ్చేశాయి. నేను సంతోషించాను కూడా. వారం తర్వాత ఒకమ్మాయి నవ్వుతూ చెప్పింది, వాళ్ల నాన్న సంతకం బస్సులో వాళ్లన్నయ్యే పెట్టాడని. అది కళ్లు, పళ్లు చూసే చెకప్ కాబట్టి సరిపోయింది. కానీ నాకు కావలసింది తల్లిదండ్రుల అంగీకారం కాదనీ, లెక్క సరిపోవడమనీ అప్పుడే అర్థమైంది. ఆ వార్డెన్లు కూడా బహుశా చెడ్డవాళ్లు కారు. నాలాగే తొందరలో ఉండి ఉంటారు.

భయంతో ఆగిపోతే?

అడగకుండా వేయడం ఒక తప్పు. భయంతో విషయం తెలుసుకోకుండానే ఆపేయడం ఇంకో తప్పు. దానికి ఉదాహరణ జపాన్.

జపాన్ 2013 ఏప్రిల్‌లో ఈ టీకాని జాతీయ కార్యక్రమంలో చేర్చింది. కొందరు అమ్మాయిలకి ఒళ్లు నొప్పులు, నడవలేకపోవడం వంటి సమస్యలు వచ్చాయని టీవీల్లో, పేపర్లలో వార్తలొచ్చాయి. రెండు నెలలకే ప్రభుత్వం టీకాని సిఫారసు చేయడం ఆపేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా రేటు ఒక శాతం కన్నా కిందికి పడిపోయింది. నగోయా నగరంలో వేలాది అమ్మాయిల మీద సర్వే చేస్తే, టీకా వేసుకున్నవాళ్లలోనూ వేసుకోనివాళ్లలోనూ ఆ సమస్యలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. చివరికి 2022 ఏప్రిల్‌లో సిఫారసు మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో పోయిన తొమ్మిదేళ్లలో ఆ వయసు దాటిపోయిన అమ్మాయిలకి ప్రభుత్వం తర్వాత ప్రత్యేకంగా అవకాశం ఇవ్వాల్సి వచ్చింది.

మన దగ్గర కూడా 2010 తర్వాత ఈ విషయం చాలా ఏళ్లు వెనక్కి పోయింది. అయితే ఒక విచిత్రం జరిగింది. ఖమ్మం కార్యక్రమంతో సంబంధం లేకుండా అదే సమయంలో దేశంలో పలు చోట్ల ఇంకో పరిశోధన నడుస్తోంది. ఎన్ని డోసులు వేయాలన్నది అందులో చూస్తున్నారు. 2010లో టీకాలు ఆపమన్నప్పుడు అదీ ఆగిపోయింది. దాంతో కొన్ని వేల మంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లని వదిలేయకుండా పదేళ్లు గమనించారు. 16, 18 రకాల వైరస్ శరీరంలో ఉండిపోకుండా ఒక్క డోసు కూడా దాదాపు 95 శాతం కాపాడుతోందని 2021లో ప్రకటించారు. 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసు కూడా సరిపోవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి పనికొచ్చిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. అంటే ప్రపంచంలో ఎందరో పేద దేశాల పిల్లలకి ఒక్క డోసుతో రక్షణ అందడం వెనక మన దేశపు అమ్మాయిలున్నారు.

పేరెంట్స్ పైకి అడగని ప్రశ్నలు

"అప్పుడెప్పుడో ముప్పై, నలభై ఏళ్లకి వచ్చే జబ్బుకి ఇప్పుడే చిన్నపిల్లకి సూది ఎందుకు?" ఇది న్యాయమైన ప్రశ్నే. పిల్లల తరఫున మనం తీసుకునే నిర్ణయాలు చాలావరకు ఇలాంటివే. పోలియో చుక్కలు వేయించినప్పుడు కూడా పిల్లకి జబ్బు లేదు. తేడా ఏమిటంటే ఇక్కడ ఫలితం కనపడటానికి చాలా ఏళ్లు పడుతుంది. కానీ ఆ ఫలితం కావాలంటే టీకా మాత్రం ముందే పడాలి.

"ఇది శారీరక సంబంధాల వల్ల వచ్చేది కదా, మా పాపకి ఇప్పుడెందుకు?" ఈ మాట నాతో ఎవరూ నేరుగా అనలేదు. కానీ చాలామంది మనసులో ఉంటుందని నాకు తెలుసు. టీకా వేయించడం అంటే పిల్లని అనుమానించడం కాదు, దేనికో అనుమతి ఇవ్వడం కూడా కాదు. పద్ధతిగా పెళ్లి చేసుకుని, కాపురం చేసుకుని, పిల్లల్ని కన్న మా పెద్దమ్మకీ ఆ జబ్బు వచ్చింది. మనిషి ఎంత మంచిగా ఉన్నా, వైరస్ ఆ లెక్క చూడదు. టీకా వేసుకున్న అమ్మాయిల ప్రవర్తన మారుతుందా అని కూడా పలు దేశాల్లో పరిశీలించారు. మారిందన్న ఆధారం దొరకలేదు.

"రేపు పిల్లలు పుట్టరేమో?" ఇది వాట్సాప్‌లో ఎక్కువగా తిరిగే మాట. ఈ టీకాకీ సంతానలేమికీ సంబంధం ఉందని ఏ పరిశోధనా చూపించలేదు. నిజానికి క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్, రేడియేషన్ వల్లే గర్భసంచి పోయే ప్రమాదం ఎక్కువ.

"ఆడపిల్లలకేనా, మా బాబు సంగతేమిటి?" ఈ వైరస్ మగవాళ్లకీ సోకుతుంది. గొంతు క్యాన్సర్ వంటివి తెస్తుంది. ఆస్ట్రేలియాలో 2013 నుంచి అబ్బాయిలకీ వేస్తున్నారు. మన దేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకి కూడా అబ్బాయిలకి వేసేందుకు అనుమతి ఉంది. డోసులు తక్కువగా ఉన్నప్పుడు ఆడపిల్లలకి ముందు ఇవ్వడం ఆరోగ్య నిపుణుల లెక్క. కానీ వైరస్‌ని మోసేది ఇద్దరూ అయినప్పుడు సూది, బాధ్యత ఒక్క అమ్మాయిదే అనుకోవడం సరికాదు. అబ్బాయిల తల్లిదండ్రులు కూడా డాక్టర్‌ని అడగండి.

"సైడ్ ఎఫెక్ట్స్?" ఉన్నాయి. సూది పొడిచిన చోట నొప్పి, వాపు, కొంచెం జ్వరం, తలనొప్పి మామూలే. ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోవడం కూడా జరుగుతుంది. అందుకే వేశాక కనీసం పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాలి. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. కానీ అసలే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

సంతకానికి ముందు అడగవలసినవి

2022 జూన్‌లో మన దేశ టీకా సలహా బృందం ఈ టీకాని జాతీయ కార్యక్రమంలో చేర్చమని సిఫారసు చేసింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర ఆరోగ్య, విద్యా శాఖలు స్కూళ్ల ద్వారా ఈ టీకాకి ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలకి లేఖ రాశాయి. కాబట్టి ఏదో ఒక రోజు ఇలాంటి ఫారం మీ పాప స్కూల్ బ్యాగులో రావచ్చు. వస్తే ఈ ప్రశ్నలు అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు.

ఇది ఏ కంపెనీ టీకా, ఎన్ని రకాల వైరస్‌ల నుంచి కాపాడుతుంది?

మా పాప వయసుకి ఎన్ని డోసులు, ఎంత గ్యాప్‌తో? మన పిల్లల డాక్టర్లు సాధారణంగా 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకి ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు చెబుతున్నారు. ప్రభుత్వ కార్యక్రమంలో వేరుగా ఉండవచ్చు.

ఎవరు వేస్తారు? వేశాక ఎవరు గమనిస్తారు? ఆ రాత్రి ఇబ్బందైతే ఏ నంబరుకి ఫోన్ చేయాలి?

మా పాపకి అలర్జీలు, వేరే జబ్బులు, వాడుతున్న మందులు ఉన్నాయి, ఫర్వాలేదా? ఆ రోజు బాగా జ్వరంగా ఉంటే వాయిదా వేయొచ్చా?

డబ్బులు కట్టాలా? ప్రైవేటులో ధరలు కంపెనీని బట్టి చాలా తేడాగా ఉంటాయి. ముందు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుందేమో కనుక్కోండి.

టీకా వేసిన తేదీ, బ్యాచ్ నంబరు రాసిన కార్డు తప్పకుండా తీసుకోండి. ఫొటో తీసి దాచండి.

ఈ జాబితాలో లేని ఒక ముఖ్యమైన మనిషి ఉన్నారు, మీ పాప. చట్ట ప్రకారం సంతకం మీదే. కానీ చెయ్యి చాచేది తను. ఎయిత్ క్లాస్ అమ్మాయికి ఈ విషయం అర్థమవుతుంది. సైన్స్ పుస్తకంలో వైరస్ గురించి ఎలాగూ చదువుతోంది. ముందు రోజు రాత్రి అన్నం దగ్గర కూర్చోబెట్టి చెప్పండి. భయపడితే ఆ భయం వినండి. పదేళ్ల తర్వాత తన ఒంట్లో ఏదైనా తేడా కనపడితే మీకు చెప్పుకోగలిగే చనువు అక్కడే మొదలవుతుంది.

ఇంకొక్క మాట అమ్మలకి. టీకా పిల్లలకి. మీకు పరీక్ష. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మహిళా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. టీకా వేయించుకున్న అమ్మాయిలు కూడా పెద్దయ్యాక ఈ పరీక్ష మానకూడదు, ఎందుకంటే టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు. మధ్యమధ్యలో రక్తం కనపడినా, కలయిక తర్వాత కనపడినా, నెలసరి ఆగాక కనపడినా సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నా సమాధానం

ఖమ్మంలో ఆ పిల్లల తల్లిదండ్రులకి అడిగే అవకాశం దొరకలేదు. మీకు దొరుకుతుంది. మీరు ఫీజు కట్టే పేరెంట్స్, ప్రశ్న వేస్తే సమాధానం చెప్పేవాళ్లుంటారు. ఆ అవకాశాన్ని టీకాకి అడ్డంగా కాకుండా టీకాని అర్థం చేసుకోవడానికి వాడుకోండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి ఈ వయసు కూతురుంటే, తెలుసుకున్నది ఆవిడకి కూడా చెప్పండి. మన దేశంలో ఈ క్యాన్సర్‌తో ఎక్కువగా పోతున్నది పరీక్షకి వెళ్లలేని పేదింటి ఆడవాళ్లే.

ఆ అమ్మగారికి నేను తర్వాత మళ్లీ మెసేజ్ పెట్టాను. "నా పాపే అయితే వేయిస్తానమ్మా. కానీ ముందు డాక్టర్ని ఈ ప్రశ్నలన్నీ అడుగుతాను, పాపకీ చెబుతాను." ఆవిడ ఇంకా నిర్ణయం తీసుకోలేదు. వాళ్లాయనతో మాట్లాడాలి, డాక్టర్ అపాయింట్‌మెంట్ శనివారం ఉంది అన్నారు. అది చాలు. ఈసారి ఏ ఫారం ఇచ్చినా నేను కూడా "రేపటికల్లా" అనను. చదువుకుని, మాట్లాడుకుని, వారంలో ఇవ్వండి. సందేహం ఉంటే డైరీలో రాయండి, లేదా శనివారం పేరెంట్ టీచర్ మీటింగ్‌లో అడగండి. జవాబు నాకు తెలియకపోతే తెలిసినవాళ్లని కనుక్కుని చెబుతాను.


మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్